మామ అతకని పడవ

గత నెలలో ఒక ఉదయం రాయచెర్లు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడప్పా. తొట్టికి నీళ్లు పోస్తా పోస్తా అట్లే కూసున్యాడు. బిందె ఇంకా చేతిలోనే ఉండాది" అంది. ఆయన మా అమ్మకు తమ్ముడు. డెబ్బై దాటాయి.

అత్త తొట్టి అన్నది నిజానికి ఒక పడవ. పదహారు అడుగుల చెక్క పడవ, ఒకప్పుడు దానికి తెరచాప ఉండేది. తుమకూరు జిల్లా చివర, ఇళ్లలో తెలుగే మాట్లాడే మా తాలూకాలో తాగే నీళ్లే కొనుక్కోవాలి. అలాంటి చోట మామ ఆ పడవను రాతి కూసాల మీద నిలబెట్టి ఇరవై ఏళ్లు రోజూ నీళ్లు పోశాడు. గొర్రెలు తాగేవి. అది కారేది. ఆయన ఎన్నడూ అతకలేదు.

అతకడం రాక కాదు. కరువుకు ఊరు విడిచి మంగళూరు వైపు కూలికి వెళ్లిన మామ, పడవలు బాగుచేసే ఒక యార్డులో చేరి ఇరవై ఏళ్లు అదే పని చేశాడు. చిన్న తెరచాప పడవ గాలికి బోల్తా పడకుండా దాని అడుగున బరువైన ఇనుప పలక ఒకటి ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. పడవ చెక్కలోంచి దింపిన లావాటి బోల్టులు దాన్ని పట్టి ఉంచుతాయి. నీళ్లు ఎక్కువగా అక్కడే లోపలికి వస్తాయి. ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టడమే అసలు పని.

"నీళ్లు కనపడే చోట బొక్క ఉండదప్పా. నీళ్లు నడిచొస్తాయి" అనేవాడు.

మిగతావాళ్లు పడవను నీళ్లలోకి దింపి లోపల తడి కోసం వెతికేవారు. మామ ఒడ్డు మీదే చూసేవాడు. అడుగంతా తుడిచి, ఆరబెట్టి, పొడి సున్నం రుద్దేవాడు. లోపల పసుపు నీళ్లు పోసేవాడు. కారిన చోట పసుపు సున్నానికి తగిలి ఎర్రబడేది. మన ఇళ్లలో హారతికి ఎర్రనీళ్లు కలిపే పద్ధతే. యార్డులో ఆయన్ని పసుపు డాక్టరని ఎగతాళి చేసేవారట. పడవ మొండికేస్తే మాత్రం ఆయన్నే పిలిచేవారు.

వానలు వెలిసి పడవలు దింపే రోజుల్లో ఒక పడవ వచ్చింది. సున్నం రుద్దితే రెండు చోట్ల ఎర్రబడింది. ఒకటి కీల్ పక్కన రెండు చెక్కల మధ్య అతుకు. రెండోది కీల్ బోల్టు. మామ అతుకు విప్పి, నూలు కుక్కి, పుట్టీ పట్టించి సరిచేశాడు. బోల్టు తుప్పు పట్టిపోయింది, కీల్ దింపి మార్చాలి, నాలుగు రోజులు పడుతుంది అన్నాడు. యార్డు యజమాని ఆగలేదు. పైన రంగు వేయించి పంపేశాడు. ఆ పడవ ఒడ్డుకు దూరంగా మునిగింది. నడిపే మనిషి చనిపోయాడు. కీల్ దగ్గర పని ఎవరు చేశారని అడిగితే యార్డులో అందరూ మామను చూపించారు.

చనిపోయినతని భార్య వచ్చింది. "నువ్వేనా అతికింది?" అని కన్నడంలో అడిగింది. "అవునమ్మా" అన్నాడు మామ. అతుకు వేసింది ఆయనే. బోల్టు సంగతి చెప్పేలోపు ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కేసు లేదు, శిక్ష లేదు. ఆ "అవును" ఒకటే మిగిలింది. ఆ తీరంలో మళ్లీ ఎవరూ ఆయనకు పని ఇవ్వలేదు.

ఒడ్డుకు లాగి పారేసిన ఆ పడవనే మామ అడిగి తెచ్చుకున్నాడు. శనక్కాయలు దించి ఖాళీగా తిరిగొచ్చే లారీలో వేసుకుని ఊరు చేరాడు. ఊరికి మంచి కాలక్షేపం దొరికింది.

"ఏమన్నా, సముద్రం ఎప్పుడొస్తాది?"

"వచ్చే ఓట్లకి తెస్తామన్నారు లేప్పా. అంతవరకు గొర్రెలు తాగనీ" అనేవాడు మామ.

సోలార్ పార్కు వచ్చాక ఆయన చేను కూడా లీజుకు పోయింది. అదే చేలో పలకలు కడిగే పనికి వెళ్లాడు. ఒకరోజు భూమిలో నీళ్ల పైపు కారుతుంటే ఇంజనీరు తడిచిన చోట తవ్విస్తున్నాడు. మామ ఎగువకు ముప్పై అడుగులు నడిచి నిలబడ్డాడు.

"ఈడ తవ్వు సార్."

"అక్కడ పొడిగా ఉంది కదయ్యా?"

"పొడిగానే ఉంటాది సార్. తడి కిందికి పోయినాది."

అక్కడే దొరికింది. ఇంజనీరు భుజం తట్టాడు. మరుసటి నెల, వయసు మీరిందని గుత్తేదారు గేటు పాసు తీసుకున్నాడు.

ఊళ్లో ఎవరి పైపు కారినా ఆయనే వెళ్లేవాడు. అత్తకు ఒళ్లు మండేది. "ఊరోళ్ల బొక్కలన్నీ పూడుస్తావు. నీ దోనె కింద మాత్రం నేను బిందె పెట్టల్లా?"

"అది కారాల్సిందే. కారితేనే దానికి నోరున్నట్టు" అనేవాడు మామ.

నేను తుమకూరులో ఒక కన్నడ పత్రికకు పాతికేళ్లు రాశాను. ఆ రోజుల్లో ఒకసారి మామ నన్ను పిలిపించి, నా ముందే పడవ అడుగు ఆరబెట్టి సున్నం రుద్దాడు. పసుపు నీళ్లు పోశాడు. ఇద్దరం వంగి చూశాం. బోల్టు దగ్గర ఎర్రటి చుక్క పుట్టి, సాగి, కిందికి జారింది. ఆయన వేసిన అతుకు తెల్లగానే ఉంది.

"చూసినావు కదా. ఇది నీ పేపర్లో రాయి అల్లుడా. మొగుడు పోయిన ఆయమ్మ కన్నడ చదువుతాది."

"కాగితం ఏమైనా ఉందా మామా? పడవ లారీలో వచ్చింది. కుదుపుకు బోల్టు కదిలిందంటారు."

"దావలో బోల్టు కదిలింటే నా అతుకు కదలదా?"

ఆయన, బోల్టు మార్చాలన్న తన మాట విన్న ఇద్దరు కూలీల పేర్లు, యార్డు దగ్గరి టీ అంగడి నంబరు చెప్పాడు. రాసుకున్నాను. ఆ వారం ఎన్నికలు. ఆ తర్వాత ఇంకేదో. ఫోన్ చేయలేదు. రుజువు అడగడం తప్పు కాదు. ఆ రుజువు వెతకాల్సింది నేను, డెబ్బై ఏళ్ల మనిషి కాదు. తడి కనపడే చోట ఆగొద్దని నాకు నేర్పింది ఆయనే. ఆ మాటతో ఎందరివో కథలు తవ్వాను. ఆయనది తవ్వలేదు. మామ మళ్లీ అడగలేదు. వెళ్లినప్పుడల్లా బిందెలు మోస్తూ కనిపించేవాడు.

"గొర్రెలు పది కూడా లేవు, ఇన్ని నీళ్లెందుకు మామా?" అన్నాను ఒకసారి.

"ఎండితే చెక్క ముడుచుకుంటాది. అన్ని అతుకులూ నోరు తెరుస్తాయి. అప్పుడు ఏది నాదో, ఏది బోల్టుదో ఎవురికి తెలస్తాది?"

దినం అయిన మర్నాడు టీ అంగడికి ఫోన్ చేశాను. కూలీల్లో ఒకతను పోయాడు. రెండో అతన్ని వెతికి ఫోన్ ఇచ్చారు. "అవును సార్. బోల్టు మార్చకపోతే మునుగుతుందని గట్టిగా అరిచాడు. అందరం విన్నాం. మమ్మల్ని ఎవరూ అడగలేదు" అన్నాడు. నాలుగు నిమిషాలు పట్టింది. యార్డు ఇప్పుడు లేదు. చనిపోయినతని భార్య ఆ ఊరు వదిలి ఎటు వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఆమె చదవలేని భాషలో, ఆమెకు చేరని చోట ఇప్పుడు రాస్తున్నాను: కారింది బోల్టు. మా మామ అతుకు కారలేదు. పడవ దింపొద్దని ఆయన చెప్పాడు.

మొన్న మళ్లీ వెళ్లాను. గొర్రెలను అమ్మేసి అత్త మంగళవాడలో కూతురి దగ్గరికి వెళ్లింది. ఇంటికి తాళం. పడవలో నీళ్లు లేవు. వంగి అడుగున చూశాను. చెక్కలన్నీ విడిపోయాయి. మామ వేసిన అతుకు కూడా విడిపోయింది. సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా నేల మీద పడుతోంది. బోల్టు కింద అత్త పెట్టిన బిందె అక్కడే ఉంది. అందులోనూ ఒక ఎండ గీత పడింది.