పద్నాలుగో నంబరు బస్సు

మా ఒఫేలియా అత్త వెస్లకో ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. పద్నాలుగో నంబరు. ఊరి చివర కాలనీల పిల్లలు సగం మంది అందులో ఎక్కి దిగినవాళ్లే, నాతో సహా. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. రిటైరైన రోజు బడివాళ్లు కోటుకు పెట్టుకునే చిన్న పసుపుపచ్చ బస్సు బిళ్ల ఇచ్చారు. దాన్ని చర్చికీ, పెళ్లికీ, ఆఖరికి చావింటికీ కూడా పెట్టుకు వెళుతుంది.

ఆమె కొడుకే మా రిక్ బావ. చిన్నప్పుడు నలుగురిలో తల్లి స్పానిష్‌లో పిలిస్తే వినపడనట్టు నడిచిపోయేవాడు. బస్సును బడి గేటుకి దూరంగా ఆపి తనను దింపెయ్యమని ఏడ్చేవాడు. ఇక్కడి కాలేజీలో ఉద్యోగం దొరికాక గాలి ఎటు తిరిగిందో చూసుకుని, రిక్ అనే ఇంగ్లీషు పేరు వదిలేసి మళ్లీ అసలు స్పానిష్ పేరుతో రిగోబెర్తో అయ్యాడు. ఆ మొదటి అక్షరాన్ని ఎంతసేపు దొర్లిస్తాడంటే, ఈలోగా మనం కాఫీ తాగి రావచ్చు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్లను చాలామందిని చూశాను. గొడుగుల కొట్టే తెరిచినవాణ్ణి ఇతన్నే చూశాను.

పోయిన అక్టోబరులో ఊరి హాల్లో సదస్సు పెట్టాడు. లాటినెక్స్ గుర్తింపు, వైవిధ్యం, సాధికారత. లాటినెక్స్ అంటే మాలాంటి స్పానిష్ ఇళ్లవాళ్లకు కాలేజీలవాళ్లు కొత్తగా పెట్టిన పేరు. అందులో 'మట్టి తల్లి' అని ఒక సత్కారం, అది కన్నతల్లికే. ఆ పొద్దున అత్త నా సెలూన్‌కి వచ్చి కూర్చుంది.

"ఒసే నెల్దా, జుట్టు బాగా పైకెత్తవే. వెనక వరుసకి కూడా కనపడాలి."

"ఏం సత్కారం అత్తా?"

"లాటినెక్స్ అట. దగ్గుమందు పేరులా ఉంది. పేరుతో నాకేం పని? నేను బస్సు నడిపానని మైకులో చెప్తానన్నాడు వాడు. వాడి నోటంట ఒక్కసారి వింటే చాలే నాకు."

ఎర్రగా లిప్‌స్టిక్ వేశాను. నీలం కోటు మీద బిళ్లను తనే రెండుసార్లు సర్దుకుంది.

హాలు గుమ్మంలోనే బావ ఎదురొచ్చాడు, చేతిలో ముతక శాలువాతో. "అమ్మా, పెదాల రంగు తుడిచెయ్యి. ఇది కప్పుకో."

"ఈ ఎండలోనా? ఎవరిదిరా ఇది?"

"మనదే అమ్మా. మన సంస్కృతి."

"సంస్కృతికి ఇంకా రేటు చీటీ వేలాడుతోంది బావా," అన్నాను. దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు, సిగ్గు లేకుండా. శాలువా కింద బిళ్ల కనపడకుండా పోయింది.

వేదికెక్కి బావ మొదలుపెట్టాడు. వాళ్లమ్మ చెప్పుల్లేని కాళ్లతో ఉల్లి పొలాల్లో నడిచిందట, మట్టే ఆమె బడి అట. మా తాతకు మాంసం కొట్టుండేది. అత్త జన్మలో ఒక్క ఉల్లిగడ్డ పీకి ఎరగదు, చెప్పుల జోళ్లు మాత్రం వాకిలి నిండా ఉండేవి. ముందు వరుసలో ప్రొఫెసర్లు కళ్లు తుడుచుకున్నారు. ఊళ్లో ఒక్క ఇంటికి పోయి అడిగినా నిజం తెలిసేది. అడగడానికి వాళ్లకు తీరికేదీ, పొద్దుటి నుంచి రంగు చీటీల మీద తామెవరో రాసి గోడకు అంటించుకోవడమే సరిపోయింది. బస్సు మాట మాత్రం రాలేదు. అత్త ఫలకం తీసుకుని వచ్చి కూర్చుంది.

"టైము చాల్లేదేమోనే," అంది మెల్లగా. "సాయంత్రం చెప్తాడేమో." నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం బార్బకోవా మాంసం మెక్కి అందరూ అద్దె బస్సెక్కారు. 'మూలాలను తాకడం' అనే కార్యక్రమం. అంటే పేదల వీధిలో బస్సు దిగకుండా ఫొటోలు తీసుకోవడం. ముందురోజు రాత్రి వాన పడింది. ఎక్కడో దూరాన శాన్ ఆంటోనియో నగరం నుంచి వచ్చిన కుర్ర డ్రైవరు, కాలువతో ఆగిపోయే సన్నటి సందులోకి బస్సును తెచ్చి ఇరికించాడు. వెనక్కి తియ్యబోతే చక్రం గుంట అంచుకి జారింది. నలభై మంది ఒక్కసారి కేకలు పెట్టారు.

బావ మైకు పట్టుకుని లేచాడు. "మిత్రులారా, ఈ బురద కూడా మన కథే..."

అత్త శాలువా తీసి, మడిచి, నా ఒళ్లో పడేసింది. డ్రైవరు దగ్గరికి వెళ్లింది. "లే నాయనా. ఇరవై ఏళ్లు ఈ సందులోనే తిప్పాను."

"అమ్మా, మీకు లైసెన్సు..."

"నీకంటే పాతది. లే."

అతను చెమటలు తుడుచుకుంటూ లేచాడు. అత్త సీటు ముందుకు లాక్కుంది, పైనున్న అద్దం వంచింది. కోటు మీద పసుపు బిళ్ల మెరిసింది. బావకు పూనకం వచ్చేసింది. "చూడండి! పొలాల్లో మట్టి పిసికిన ఆ చేతులే..."

అత్త ఇంజను ఆపేసింది. అద్దంలోంచి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఏడేళ్ల వయసులో ఆ చూపుకే నేను చూయింగ్ గమ్ మింగేశాను.

"రిక్కీ. నా బండిలో ఒకడు నిలబడి ఉంటే చక్రం కదలదు."

"అమ్మా, ఒక్క నిమిషం..."

"ముందు చెప్పు. బండి నడిపేది ఎవరు?"

పెద్ద పెద్ద చదువుల వాళ్లంతా కాళ్లు లోపలికి లాక్కుని కూర్చున్నారు. బావ ఒక్కడే నిలబడ్డాడు, బడి గేటుకి దూరంగా దింపమని ఏడ్చే పిల్లాడి మొహంతో.

"మా అమ్మ," అన్నాడు.

"మీ అమ్మ ఏం చేసేది?"

"బస్సు... బడి బస్సు డ్రైవరు."

"వెనక వరుసకి వినపడలేదు. మైకులో చెప్పు."

చెప్పాడు. చెప్పి కూర్చున్నాడు. అప్పుడు అత్త ఇంజను తిప్పి, రివర్సు వేసింది.