ఉప్పు వేయని వంజరం పులుసు

దబీర్‌పురాలో మా ఇంటికి సముద్రపు చేప వచ్చిందంటే అది ఎండుచేపే. మృగశిర కార్తె నాడు చెరువు కొరమీను వండేవాళ్లం, మిగతా వానాకాలమంతా ఎండుచేపలే. మా అత్తమ్మ వాటిని వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడిగేది. అయినా పులుసులో ఉప్పు వేసే అవసరం ఉండేది కాదు. సముద్రపు చేప పుట్టుకతోనే ఉప్పగా ఉంటుందని మా వాడలో అందరికీ తెలుసు. లైబ్రరీలో చేపల గురించి ఒక పుస్తకం చదివేదాకా నాకూ అదే తెలుసు.

నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక, మధ్యాహ్నం బర్రెలకు కుడితి పెట్టి, మలక్‌పేట వైపున్న లైబ్రరీకి నడిచి వెళ్లేదాన్ని. తేనెటీగలని లేదు, నక్షత్రాలని లేదు, అట్ట ఊడిందా ఉందా అని లేదు, చేతికందింది చదివేదాన్ని. చదివినవి అన్నాల దగ్గర చెప్పేదాన్ని. మా ఆయన వినేవాడు. అత్తమ్మ కంచంలోకి చూస్తూ తినేది. ఆమె పాలు పోసే ఇళ్లలో, మీ కోడలు రోజూ ఎక్కడికి పోతుందని అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్న ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

మా ఆయనది రైల్వే ఉద్యోగం. డెబ్బైల్లో ఒక ఎండాకాలం, బర్రెలను చిన్నమామకు అప్పగించి, పాసు మీద ముగ్గురం వాల్తేరు బయలుదేరాం. రైల్లోనే అత్తమ్మ తీర్పు చెప్పేసింది. తిరిగి ఇల్లు చేరాక లైబ్రరీ బందు.

సముద్రం చూడగానే అత్తమ్మ చేసిన మొదటి పని, అలలో వేలు ముంచి నాలుకకు రాసుకోవడం. ముఖం వికారంగా పెట్టి, అనుకున్నదే అన్నట్టు తల ఊపింది.

ఒడ్డునే తాటాకుల పందిరి కింద ఒక చేపల హోటల్ ఉంది. చేపలను ముందే బల్ల మీద పరిచిపెట్టేవాళ్లు. మనం చూపించిందే కోసి వండేవాళ్లు. అత్తమ్మ ఒక వంజరాన్ని ఎంచుకుని, కొరమీనును చూసినట్టే మొప్ప ఎత్తి, లోపల ఎర్రగా ఉందని తృప్తి పడింది. తర్వాత, పులుసులో ఉప్పు వేయొద్దని చెప్పింది.

“ఉప్పెయ్యకపోతే ఎలా తింటారమ్మా?” అన్నాడు వడ్డించేవాడు.

సముద్రం చేపలు మాకు కొత్త కాదని ఆమె అతన్ని కసిరింది. నేను ఉండబట్టలేకపోయాను.

“అత్తమ్మా, ఆ చేప కండల ఉప్పుండదు. తాగిన నీళ్లల్ల ఉప్పంత నువ్విప్పుడు ఎత్తి చూసిన మొప్పలకెల్లి బయటికి పంపిస్తది. ఎండుచేపకు ఉప్పు మనుషులు పట్టిస్తరు.”

“ఎవలు చెప్పిన్రు?”

“బుక్కుల చదివిన.”

ఆమె పక్క బల్లవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది. “బుక్కుల రాస్తె సముద్రం తియ్యగైతదా? ఉప్పు లేకుండనే వండుమను. చేప సప్పగుంటె నీ లైబ్రరీకి నువ్వు పో, నేనేమన్న. ఉప్పగుంటె ఇగ దాని ముచ్చటెత్తద్దు.”

అప్పటిదాకా నోరు విప్పని మా ఆయన, “అమ్మా, మాట మీదుంటవా?” అన్నాడు.

“పాలల్ల నీళ్లు గలపనిదాన్నిరా. మాట తప్పుతనా?”

పులుసు ఉడికేదాకా నాకు కాళ్లు నిలవలేదు. వంటవాడు అలవాటు కొద్దీ చిటికెడు ఉప్పు వేస్తే నా పని అయిపోయినట్టే. వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడి అతని చెయ్యి మీంచి చూపు తిప్పలేదు. అక్కడ నిలబడ్డప్పుడే ఇంకో భయం పట్టుకుంది. ఆ పుస్తకంలో ఉన్నదే నేను చదివానా, నాకు తోచింది కలుపుకున్నానా? ఆ పేజీలో మొప్ప బొమ్మ ఎక్కడుందో, దాని కింద ఏ మాటలున్నాయో గుర్తుచేసుకుంటే కొంచెం ధైర్యం వచ్చింది.

ఎర్రటి పులుసు వచ్చింది. మెంతుల వాసన ఘుమఘుమలాడింది. అత్తమ్మ కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. రెండో ముద్ద పెట్టుకుంది. మా ఆయన కూడా తిని, నవ్వు కనిపించకుండా తల దించుకున్నాడు. ఇక నేను తిన్నాను. చింతపండు పులుపు ఉంది, మిరపకాయ మంట ఉంది, చేప వెన్నలా ఉంది. ఉప్పు మాత్రం రవ్వంత కూడా లేదు. అంత రుచిగా అనిపించిన చప్పిడి ముద్ద నేను జన్మలో తినలేదు.

అత్తమ్మ వడ్డించేవాణ్ని పిలిచింది. “బిడ్డా, గింత ఉప్పు పట్టుకరా.”

అతను తెచ్చిన ఉప్పును మొదట నా కంచంలో చల్లింది, ఆ తర్వాతే తన కంచంలో. ఆ పూట ముగ్గురం పులుసు గిన్నె తుడిచిపెట్టాం. మర్నాడు మళ్లీ అక్కడికే పోయాం. బల్ల మీద పలచగా, వెండి పళ్లెంలా ఉన్న చందువను చూపించి, దీని సంగతి నీ పుస్తకంలో ఏముందని ఆమే అడిగింది. నాకు తెలిసినంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నది.

ఇంటికి వచ్చిన మర్నాడు పాలు పోయడానికి తనతో పాటు నన్నూ రమ్మంది. మొదటి ఇంట్లోనే ఆ అమ్మ, ఊరి నుంచి వచ్చారుగా, కోడలు మళ్లీ మధ్యాహ్నం బయలుదేరుతుందా అని అడిగింది.

అత్తమ్మ పాలు కొలిచి పోసి, కొసరు కూడా పోసి, నెమ్మదిగా తల ఎత్తింది.

“లైబ్రరీకి పోతది. సముద్రం చేపల ఉప్పెందుకుండదో నీకెరుకనా?”