పొడుగు కాలి కొలత

సైకిల్ మెకానిక్ తన బామ్మర్దిని 'నిచ్చెన' అని పిలిచేవాడు. ఆరున్నర అడుగుల మనిషి. మామూలు సైకిలెక్కితే మోకాళ్లు గడ్డానికి తగులుతాయేమో అనిపించేది. సైకిల్ పందేనికి వారం ముందు మెకానిక్ అతని కాలిని గజ్జ నుంచి మడమ దాకా టేపుతో కొలిచాడు. పెడళ్లు బిగించే క్రాంకు కడ్డీలు పొడుగువి తెప్పించి మరీ వేశాడు.

"బావా, మలుపులో పెడల్ నేలకి కొట్టుకోదు కదా?"

"నాకే పాఠాలు చెప్తున్నావా? కడ్డీ కాలు చూసి వెయ్యాలిరా, నేల చూసి కాదు!"

పందెంలో రెండో మలుపు దగ్గర నిచ్చెన సైకిలు వాల్చాడు. కుడి పెడల్ రోడ్డును తన్నింది. కుడికాలు రెండుచోట్ల విరిగి, అంగుళం పొట్టిదై అతుక్కుంది.

ఇప్పుడు ఎవరు సైకిలు తెచ్చినా మెకానిక్ మొదట కింద చతికిలబడి, పెడల్‌కీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలుస్తాడు. నిన్న నిచ్చెన కుంటుకుంటూ వచ్చి, ఆ పందెం సైకిలే అతని ముందు నిలబెట్టాడు.

"కుడి కడ్డీ పొట్టిది వెయ్యి బావా. ఈసారి కాలు చూసే వెయ్యి."

మెకానిక్ టేపు తీశాడు గానీ, ఆ కాలిని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.