గేటు పుస్తకంలో తగ్గిన వేలిముద్రలు

అరవై ఎనిమిదో సంవత్సరం నవంబరు నెల, రెండో సోమవారం, పొద్దున్న ఏడున్నర గంటలు. విజయనగరానికి కొద్ది దూరంలో మా జూట్ మిల్లు గేటు.

గోగునార దొరక్క మిల్లులో మగ్గాలు ఆగి మూడు నెలలైంది. పని లేకపోయినా రోజూ ఏడున్నరకు గేటు దగ్గరకొచ్చి పుస్తకంలో వేలిముద్ర వేసినవాడికి సగం కూలి. రానివాడికి ఆ రోజుది లేదు. మా పేటలో కష్టం పెరిగిందో తగ్గిందో పట్నంలో అధికారులు ఆ ముద్రల్ని బట్టే తేల్చేవారు. పిల్లల గంజి కేంద్రం కూడా దాని మీదే నడిచేది. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. ముద్రలు కాగితం మీద ఎంత కిందికి దిగాయో జేనతో కొలుచుకునేవాణ్ణి.

వరికోతలు వచ్చాయి. సగం కూలికంటే కోతకు దొరికే ధాన్యమే నయమని జనం పొలాలకు పోయారు. వెళ్ళేముందు ఒక్కరూ పుస్తకం రాసే గేటు గుమస్తాకి చెప్పలేదు. కోతలని చెప్పాలా ఏమిటి, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాం. తప్పు మాదే. రెండు పేజీల ముద్రలు ఆ రోజుకి నాలుగయ్యాయి.

సరిగ్గా ఆ రోజే పట్నం నుంచి అధికారి వచ్చి పుస్తకం తిప్పాడు.

"బాగా తగ్గారే! పనులు దొరికినట్టున్నాయి. ఇంక గంజి ఆపెయ్యొచ్చు."

నాకు ఒళ్ళు మండింది. "ఏటి దొరికాయి బాబూ? కోతలకెల్లిపోనారు. పదిహేను రోజులు పోతే మళ్ళీ ఈ గేటుకే వస్తారు. అప్పుడు పిల్లలకేటెట్టమంటారు, మీ కాయితమా?"

మా బావ నా చెయ్యి గుంజాడు. "ఒరే, నోరు సూసుకో. ఆపీసరు బాబు."

"ఆపీసరైతే పొలంకేసి సూడమను."

ఆయన కోప్పడలేదు. పుస్తకంలో లేనిది రాస్తే పైవాళ్ళు ఆయన్నే నిలదీస్తారు పాపం. ఒక కాగితం తీసి, "నువ్వన్నదే రాస్తాను. ఇక్కడున్నవాళ్ళంతా సాక్షులుగా వేలిముద్ర వెయ్యండి," అన్నాడు.

టీ అమ్మే ముసలమ్మ వెనక్కి తగ్గింది. "నాకు మిల్లులో పనే నేదు, నానెయ్యొచ్చేటి?"

"నీ మనవరాలు తాగేది ఆ గంజే కదేటే అప్పా, ఎయ్యి!" అంది మా మరదలు.

గంజి ఆగలేదు.

ఆ కాగితం మీద ఉన్నవాళ్ళం వీళ్ళం: దగ్గుతో నడుం వంచి కోత కొయ్యలేని నేను, మగ్గంలో చెయ్యి నలిగిన మా బావ, నిండు నెలల మా మరదలు, కాలు విరిగిన పక్కింటి మావ, టీ ముసలమ్మ, గేటు గుమస్తా. గుమస్తా మిల్లు జీతం తినేవాడు. అయినా తన పుస్తకంలో లేని మాట కింద సంతకం పెట్టాడు.