అచ్చమ్మకు రాని రాత

చొక్కాలు కుట్టే దుకాణంలో మేడమీది గదిలో పదకొండు మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. ఒకరు కాలర్లు కుడితే ఒకరు చేతులు, ఇంకొకరు జేబులు. గుండీల కాజాలన్నీ అచ్చమ్మవి. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టింది కాదు. అచ్చులో ఉన్నది ఏదైనా వదలకుండా చదువుతుందని గదిలోవాళ్ళు పెట్టింది. పెనిమిటి పోయాక పిలిచేవాళ్ళు లేక అసలు పేరు మూలన పడింది. అందుకు ఆమె బాధపడిందీ లేదు.

ఆ రోజుల్లో చదవడమంటే ఒక్కరే కూర్చుని కళ్ళతో చూసుకోవడం కాదు. ఒకరు చదివితే పదిమంది వినాలి. మధ్యాహ్నం తిండి తిన్నాక అచ్చమ్మ కిటికీ పక్క ఎత్తుపీట ఎక్కి, అద్దెకు తెచ్చిన కథల పుస్తకం తీసేది. ఆమె చదివే అరగంటలో ఆమె కాజాలు తలా రెండూ మిగతావాళ్ళు కుట్టేసేవారు.

"ఆ సవతితల్లి మాటలు కాస్త మెల్లగా చదవవే, దాన్ని కసితీరా తిట్టుకోవాలి" అని ఒకరు.

"వాడు చస్తాడా బతుకుతాడా ముందే చెప్పేయ్, సూది వేల్లో దిగుతోంది" అని మరొకరు.

పుస్తకం దొరకని రోజు కిరాణా పొట్లం కట్టిన కాగితమైనా చదివేది. దాంట్లో దొరికిన సగం వార్త మీద సాయంత్రం దాకా వాదించుకునేవారు.

ఆమెకు చదువు బడిలో రాలేదు. తండ్రి అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. చిన్నప్పుడు ఆయనకు అన్నం పట్టుకెళ్ళి, బల్లకు ఎదురుగా నిలబడి, ఆయన సరిచూసే అచ్చుకాగితాల్లో తలకిందులుగా కనబడే అక్షరాలను ఒక్కొక్కటీ గుర్తుపట్టడం నేర్చుకుంది. పలకా బలపం ఎవరూ ఇవ్వలేదు. ఆడపిల్లకు చదవడం వస్తే అదే ఎక్కువ, రాయడం దేనికి అనే కాలం. కలం పట్టకుండానే నలభై ఏడేళ్ళు దాటాయి.

ఒకనాడు కాలర్లు కుట్టే అక్కకు ఉత్తరం వచ్చింది. ఓడ మీద పనికి పోయిన తమ్ముడు తప్ప ఆమెకు ఉత్తరం రాసేవాళ్ళు ఎవరూ లేరు. తల్లి పోయిననాడు మాటామాటా పెరిగి గుమ్మం దిగినవాడు, ఆరేళ్ళుగా అజాపజా లేడు.

"చదువమ్మా," అంది అక్క ఉత్తరం చేతికిస్తూ. "వాడే రాశాడో, వాడు పోయాడని ఇంకెవరన్నా రాశారో."

గదిలో సూదులన్నీ ఆగిపోయాయి. అచ్చమ్మ కాగితం విప్పింది. సిరాలో పడి లేచిన చీమలు బారులు తీరినట్టుంది. గొలుసుకట్టు రాత. ఏ అక్షరం ఎక్కడ ముగిసిందో, ఇంకొకటి ఎక్కడ మొదలైందో అంతుపట్టలేదు. ఏదో ఒకటి అల్లి చెప్పడం ఆమెకు చిటికెలో పని. కానీ ఎదురుగా ఉన్న ముఖం కథ వినడానికి వచ్చిన ముఖం కాదు.

"నాకు రాదక్కా," అంది. "అచ్చయితే చదువుతాను. చేతిరాత నాకు తెలీదు."

అప్పుడే లోపలికి వచ్చిన మేస్త్రీ పగలబడి నవ్వాడు. "ఉత్తరం రాదట గానీ పుస్తకం వచ్చట! ఇన్నాళ్ళూ పుస్తకం ముందెట్టుకుని నోటికొచ్చింది చెప్పావన్నమాట. వీళ్ళేమో నీ కాజాలు కుట్టిపెట్టారు!"

ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అచ్చమ్మ మాత్రం తొణకలేదు.

"నీ చంకలో పేపరు ఆ బల్లమీద పరుచు మేస్త్రీ. నాకేసి తిప్పకు. నీకేసే ఉంచుకో."

బల్లకు ఇవతల నిలబడి, తలకిందులుగా ఉన్న పేపరును గడగడా చదివేసింది. రేవులో దిగిన బొగ్గు, తప్పిపోయిన గుర్రం ఆనవాళ్ళు, వంతెన మరమ్మతు. చివరికి ఒక ప్రకటన దగ్గర ఆగింది. "'బట్టతల మీద సైతం జుట్టు మొలిపించు తైలము.' ఇది నీకు పనికొచ్చేది మేస్త్రీ, చింపి దాచుకో."

గదంతా ఘొల్లుమంది. మేస్త్రీ చెయ్యి తనకు తెలియకుండానే నెత్తి మీదికి పోయింది.

"రానిది రాదన్నాను, వచ్చింది చదివాను," అంది అచ్చమ్మ. "ఇందులో దొంగతనం ఏముంది?"

సాయంత్రం ఇద్దరూ తపాలాఫీసు మెట్ల దగ్గర కూర్చునే ఉత్తరాల తాత దగ్గరికి వెళ్ళారు. ఆయన అర్జీ చదివినా, ప్రేమలేఖ చదివినా ఒకే గొంతు. పెద్దగా మొదలుపెట్టాడు. "అక్కా, అమ్మ పోయిననాడు నిన్నన్న మాటకు నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. నువ్వు రమ్మంటేనే వస్తాను..." వెనక వరసలో నిలబడ్డ మూటలవాడు "అంత మాట ఏమన్నాడో పాపం!" అన్నాడు. అక్క తల దించుకుంది. జవాబుగా "రా" అని ఒక్క మాట రాయించింది. అంతమందిలో నోరు పెగిలింది అంతే.

దారిలో కళ్ళు తుడుచుకుంటూ అంది: "బతికున్నాడు, అది చాలు. కానీ మా ఇంటి సంగతి నలుగురి నోళ్ళలో పడిందే."

మర్నాడు పని వదిలాక అచ్చమ్మ నేరుగా తాత ముందు కూర్చుంది. "తాతా, నాకు గొలుసుకట్టు నేర్పు."

"ఈ వయసులోనా?"

"వయసు మోకాళ్ళకొచ్చింది, కళ్ళకి రాలేదు."

"నేర్పితే నా పొట్టమీద కొడతావు."

"పేపర్లో సన్నక్షరాలు నీకు కనబడక ఎన్నాళ్ళయింది?"

పేపరు ముక్కుకు ఆనించుకుని, పెద్దక్షరాలు మాత్రం చూసి ఆయన మడిచేయడం ఆమె ముందురోజే గమనించింది. బేరం కుదిరింది. రోజూ ఆమె పేపరు చదివి వినిపించాలి, ఆయన రాత నేర్పాలి.

"గొలుసుకట్టంటే బ్రహ్మవిద్య కాదే," అన్నాడు తాత. "తొందరలో ఉన్నవాడి అక్షరాలు, అంతే. ఎక్కడ తొందరపడ్డాడో పట్టుకో."

మూడు నెలలకు పట్టుకుంది. కలమూ పట్టింది. కాజాలు కుట్టి కుట్టి కుదురు నేర్చిన చెయ్యి కావడంతో గీత వంకర పోలేదు. కానీ ఆమె రాసిన అక్షరాలు దేనికది విడివిడిగా, అచ్చు పోసినట్టే నిలబడేవి.

తమ్ముడి రెండో ఉత్తరం వచ్చినప్పుడు ఇద్దరూ గుడ్డల తానులు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రెండుచోట్ల తడబడినా అచ్చమ్మ చివరిదాకా చదివింది, అక్క చెవికి మాత్రమే అందేలా. "నేను ఇల్లు వదిలిననాడు సంచిలో చలికోటు పెట్టింది నువ్వేనని రేవు చేరాక తెలిసింది. ఆరు చలికాలాలు అదే తొడిగాను."

"ఇంకోసారి చదువు," అంది అక్క. మూడుసార్లు చదివించుకుంది.

బయటికి రాగానే అందరూ మూగారు. "ఏం రాశాడు, ఏం రాశాడు?"

"ఆవిణ్ణే అడగండి. నేను చదివేదాన్నే గానీ చాటేదాన్ని కాదు," అంది అచ్చమ్మ.

ఈసారి జవాబు నాలుగు పేజీలైంది, అచ్చమ్మ దస్తూరీలో. దానికి తమ్ముడు రాసిన మొదటి వాక్యం: "అక్కా, ఉత్తరం అచ్చు వేయించావా? చేతిరాతంటే ఓడలో ఎవరూ నమ్మడం లేదు." చలి మొదలవకముందే అతడే వచ్చి అక్క గుమ్మం ముందు నిలబడ్డాడు.

రెండేళ్ళకు తాత చూపు పూర్తిగా మసకబారింది. తన పెట్టె, కలాలు అచ్చమ్మకే ఇచ్చాడు. ఆమె కాజాల పని మానేసి, తపాలాఫీసు ఎదుట తలుపున్న చిన్న గది అద్దెకు తీసుకుంది. మెట్ల మీద కూర్చోనంది. ఎవరు ఉత్తరం తెచ్చినా తలుపు మూసి, ముందు ఒక మాట అడిగేది: "ఇక్కడ చదవనా, నీకే చదవడం నేర్పనా?"

ఇరవై ఏళ్ళలో నేర్పమన్నవాళ్ళు పదిహేడు మంది. వాళ్ళలో పద్నాలుగు మంది ఆడవాళ్ళే.