మందలగుట్టకు ఆరు స్తంభాలు

టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా పనిచేసిన ఈదయ్య ఇంట్లో ఏనాడూ టెలిఫోన్ లేదు.

సూర్యాపేట నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు పక్కన, ఊరు అయిపోయిందనుకున్న చోట, మందలగుట్ట అని ఒక కాలనీ ఉంది. గొర్రెలు మేపుకునేవాళ్లు, బర్రెల పాలు పోసేవాళ్లు కలిపి నూట ఇరవై గడపలు. ఊళ్లోని టెలిఫోన్ లైను కాలనీ మలుపు దగ్గరున్న స్తంభం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కణ్నుంచి కాలనీ నడుమకు రావాలంటే ఇంకో ఆరు స్తంభాలు కావాలి. ఆ ఆరూ ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈదయ్య రోజూ పొద్దున ఆ స్తంభం కింద నుంచే డ్యూటీకి పోయేవాడు. మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర్నుంచి కోదాడ లాడ్జీల దాకా అందరి ఫోన్లూ బాగుచేసి, సాయంత్రం మళ్లీ దాని కిందుగానే ఇంటికొచ్చేవాడు.

ఆ ఉద్యోగం కూడా ఆయనకు గొర్రెలు కాస్తుంటేనే దొరికింది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్లప్పుడు రోడ్డు పక్కన కేబుల్ కోసం కందకం తవ్వుతుంటే, గట్టు మీద కూర్చుని చూస్తూ, "గాడ తవ్వకుండ్రి, కింద బండ ఉంటది" అన్నాడట. వాళ్లు వినలేదు. రెండు గడ్డపారలు వంగాక మేస్త్రీ గట్టు ఎక్కి వచ్చి, మరి ఎక్కడ తవ్వాలో చెప్పమన్నాడు. మరుసటి రోజు నుంచి ఈదయ్య కూలిలో చేరాడు. మనిషి పొట్టిగా, గట్టిగా ఉంటాడు. మాట తక్కువ. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాడు. దానివల్ల ఇంట్లో భార్య బుచ్చమ్మకు, ఆఫీసులో అధికారులకు సమానంగా ఇబ్బంది.

రెండువేల పదిలో ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో పెద్దసారు పూలదండ వేసి, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఏమన్నా కోరికుంటే చెప్పవయ్యా, ఈదయ్యా."

అలా అడిగినప్పుడు "మీ దయ సార్" అనాలి. అందరూ అదే అంటారు.

"ఆరు స్తంభాలు కావాలె సార్" అన్నాడు ఈదయ్య.

సభలో నవ్వులు లేచాయి. సారు కూడా నవ్వాడు. ఈదయ్య నవ్వలేదు.

"స్తంభాలతో ఏం చేసుకుంటావయ్యా?"

"మా కాలనీకి లైను గుంజిపిస్త సార్. రిటైరైనోళ్లకు ఇంటికాడ ఒక కనెక్షన్ ఇస్తరు గద. నాది మా గొర్రెల సంఘం బిల్డింగుల పెట్టిస్త. ఇంటర్నెట్ అందరు ఉత్తగ సూసుకుంటరు."

ఆయన తలుచుకున్నది కల్పన అనే పిల్లను. బుచ్చమ్మ తమ్ముడు అచ్చయ్య కూతురు, డిగ్రీ చదువుతోంది. స్కాలర్‌షిప్ ఫారానికి, హాల్‌టికెట్‌కు, ప్రతిదానికీ మూడు కిలోమీటర్లు నడిచి బస్టాండు పక్కన నెట్ సెంటర్‌కు పోవాలి. పోయాక సర్వర్ పనిచేయడం లేదంటే మళ్లీ మూడు కిలోమీటర్లు. సెల్‌ఫోన్లు వచ్చాయి గానీ గుట్ట అడ్డం ఉండటంతో కాలనీలో మాటలే సరిగా వినపడవు, ఇక నెట్ సంగతి చెప్పేదేముంది.

సారు "చూద్దాంలే" అన్నాడు. పక్కనున్న యూనియన్ నాయకుడు మైకు అందుకుని, "ఆరు స్తంభాలు మంజూరు చేసిన సారుకు ధన్యవాదాలు" అని ప్రకటించాడు. వందమంది చప్పట్లు కొట్టారు. ఇక సారు చేయగలిగింది లేకపోయింది.

ఆరు నెలలకు ఒక లారీ వచ్చి ఆరు ఇనుప స్తంభాలను కాలనీ మలుపులో దొర్లించి పోయింది. కాలనీ అంతా వచ్చి చూసింది. ఈదయ్య తడిమి చూసుకుని, రేపో ఎల్లుండో పాతుతారని చెప్పాడు. ఎవరూ రాలేదు. ఆఫీసుకు పోయి అడిగితే, స్తంభాల ఫైలు వేరు, గుంతల ఫైలు వేరు అన్నారు. స్తంభాల ఫైలు పాసైంది, గుంతల ఫైలు ఇంకా పైన ఉంది. తానే గుంతలు తవ్వుకుంటానంటే, రిటైరైన మనిషి శాఖ పనిలో చెయ్యి పెట్టకూడదన్నారు.

స్తంభాలు దుమ్ములో పడి ఉన్నాయి. మొదటి నెల జనం వాటిని దాటుకుంటూ నడిచారు. తర్వాత, పాలు పోసే రుక్కమ్మ ఒకదాన్ని తన ఇంటి ముందుకు దొర్లించుకుని, సాయంత్రం పాలు కొలిచేటప్పుడు కూర్చోవడం మొదలుపెట్టింది. వానాకాలంలో మోరీ పొంగితే అచ్చయ్య రెండు స్తంభాలు అడ్డంగా వేసి, పైన చెక్కలు కొట్టి, గొర్రెలకు వంతెన చేశాడు. ఇంకో రెండు కనిపించకుండా పోయాయి. ఆరోదాన్ని సకల జనుల సమ్మె రోజుల్లో కాలనీ యువకులు చౌరస్తాలో పాతి, తెలంగాణ జెండా కట్టారు. మొత్తం ఆరింటిలో నిలబడిన స్తంభం అదొక్కటే. అదీ లైనుకు పదిహేను అడుగులు పక్కకు.

ఈదయ్య, "పడున్నయి గదా, వాడుకోనీ" అన్నాడు. బుచ్చమ్మకు మాత్రం ఒళ్లు మండింది. "ఊరందరు శాలువ తెచ్చుకుంటరు, గోడ గడియారం తెచ్చుకుంటరు. ఈయన మోరికి వంతెన తెచ్చిండు" అని ఇంటింటికీ చెప్పుకుంది.

రెండువేల పన్నెండు చివర్లో గుంతల ఫైలు దిగొచ్చింది. వారంలో పనివాళ్లు వస్తారని కబురు. ఈదయ్య స్తంభాలు పోగుచేయడానికి బయలుదేరాడు.

ముందు రుక్కమ్మ దగ్గరికి పోయాడు.

"ఇది లేస్తే మేమేడ కూసోవాలె?" అంది రుక్కమ్మ, దాని మీద నుంచి లేవకుండానే.

ఈదయ్య మర్నాడు ఎడ్లబండి మీద పెద్ద బండ తెచ్చి వేయించాడు. రుక్కమ్మ కూర్చుని చూసింది. ఇటు జరిగింది, అటు జరిగింది.

"బండ మంచిగనే ఉంది గని నలుగురే పడుతరు. స్తంభం మీద పదకొండు మందిమి కూసునేటోళ్లం."

ఇంకో రెండు బండలు వచ్చాక ఆమె లేచింది.

వంతెన కథ అంతకన్నా పొడుగు. స్తంభాలు తీసి, వాటి చోట నాలుగు సిమెంటు పైపులు వేసి మట్టి కప్పారు. మనుషులు నడిచారు. గొర్రెలు నడవలేదు. మోరీ ఒడ్డున వరసగా నిలబడి, పోయిన వంతెన కోసం చూస్తున్నట్టు చూశాయి. అచ్చయ్య అదిలించాడు, కట్టె ఆడించాడు. ఒక్కటీ కదలలేదు.

"బావా, నాతోని గాదు. గొర్లకు నువ్వే జెప్పు" అన్నాడు.

ఈదయ్య చెప్పులు విప్పి, మందలో ముందు నడిచే పొట్టేలును వెతికి పట్టి, మెడ మీద వేసుకుని అవతలికి నడిచాడు. అది అరుస్తూనే ఉంది. మిగతావి ఒకదాని వెనుక ఒకటి నడిచి వచ్చాయి. అవతల ఒడ్డున పొట్టేలును దించాక ఆయన చాలాసేపు నడుం పట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగంలో ఎన్నో స్తంభాలు మోశాను గానీ ఒక్కటీ ఇట్లా తన్నలేదన్నాడు.

కనిపించని రెండూ అచ్చయ్య దొడ్డి కప్పుకే దూలాలై కనిపించాయి. రెండింటినీ దించి ఇచ్చి, అచ్చయ్య ఒక పూట కొత్త వాసాలు తెచ్చుకున్నాడు.

చౌరస్తాలో జెండా దగ్గర యువకులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "జెండ దించేది లేదు, పెద్దయ్యా."

"దించుమని ఎవలన్నరు? తీగె దాని మీదికెళ్లే పోతది" అన్నాడు ఈదయ్య.

అట్లా మందలగుట్ట లైను నాలుగో స్తంభం దగ్గర జెండా కోసం పక్కకు వంగి, మళ్లీ దారిలోకి వచ్చింది. పాతడానికి వచ్చినవాళ్లు ఈ వంకర ఎందుకని అడిగారు గానీ, పైకి చూశాక మళ్లీ అడగలేదు.

కంప్యూటర్ మిర్యాలగూడ నుంచి వచ్చింది. అక్కడ రైసుమిల్లు నడిపే సీతారామయ్య, మిల్లు ఆఫీసులో కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చాడు. ఇరవై ఏళ్ల కిందట తుఫాను రోజున ఈదయ్య వానలో స్తంభమెక్కి మిల్లు ఫోను బతికించాడని ఆయనకు గురుతు. కీబోర్డు బోర్లించి తట్టితే దోసెడు తవుడు రాలింది. దాన్ని పారబోయనీయకుండా అచ్చయ్య పొట్టేలుకు పట్టుకుపోయాడు.

ఇక మిగిలింది ఒక్కటే. కనెక్షన్ రిటైరైన ఉద్యోగి నివాసంలోనే ఉండాలి. ఉందో లేదో చూడటానికి ఆఫీసు నుంచి మనిషి వస్తారు.

"అయితే గాడనే ఉంట" అన్నాడు ఈదయ్య. మంచం, ఇనుప పెట్టె, నీళ్ల కుండ సంఘం బిల్డింగుకు మోయించాడు. బుచ్చమ్మ గడప దాటలేదు. "గొర్రెల సంఘంల కాపురం నేను జెయ్య. అన్నం పంపుత, తిను" అంది.

తొమ్మిదో రోజున వచ్చిన అధికారి పేరు హారిక. కోదాడ అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కాగితాలు చేత్తో పట్టుకుని మంచం చూసింది, పెట్టె చూసింది, గోడ మీద రంగుల్లో గొర్రెల రోగాల పటం చూసింది.

"మీరు ఉంటున్న ఇల్లు ఇదేనాండీ?"

"ఇదే, మేడం."

"మీ భార్యగారు ఏరండీ?"

"ఇంట్ల ఉంది" అన్నాడు ఈదయ్య.

హారిక కాగితాల మీద నుంచి తలెత్తింది. "ఇల్లు ఇదే అన్నారు కదండీ?"

ఈదయ్యకు అబద్ధం అలవాటు లేదు. తలుపు దగ్గర నిలబడ్డ అచ్చయ్య బావను ఆదుకోవాలనుకున్నాడు.

"వాళ్లు కొట్లాడుకున్నరు మేడం. మా అక్క ఎల్లగొట్టింది. గందుకే ఈయన గీడ ఉంటుండు."

"అయ్యో" అంది హారిక, నిజంగానే బాధపడి. "ఎంతకాలమైందండీ?"

అన్నం గిన్నె తెస్తూ తమ్ముడి మాట బయటే విన్న బుచ్చమ్మ సరిగ్గా అప్పుడే లోపలికి అడుగుపెట్టింది. గిన్నె మంచం మీద పెట్టి తమ్ముడి వైపు తిరిగింది.

"ఎవలు ఎల్లగొట్టిండ్రుర, తమ్మీ? ముప్పై ఆరేండ్లు ఏగిన ఈ మనిషితోని. తొమ్మిది దినాలసంది ఎండల అన్నం మోస్తున్న. గిదేనా నువ్వు జెప్పేది?"

తర్వాత హారిక వైపు తిరిగి, స్తంభాల సంగతి, వంతెన సంగతి, కల్పన నడక సంగతి, మొగుడి మొండితనం సంగతి మొత్తం ఆగకుండా చెప్పేసింది. చెప్పడం అయ్యాక, ఎండన పడి వచ్చావు తినిపో బిడ్డా అని ఆమెకు కూడా వడ్డించింది. గోంగూర పప్పు. హారిక వద్దనలేకపోయింది.

తిని, చేయి కడుక్కుని, ఆమె కాగితం ముందు పెట్టుకుంది. ఇలా రాసింది: "ఉద్యోగి మంచం ఇక్కడే ఉన్నది. ఉద్యోగికి భోజనం ఇక్కడికే వచ్చుచున్నది. స్వయముగా చూచితిని." కింద సంతకం పెట్టింది. ఆఫీసులో ఎవరూ ప్రశ్న వేయలేదు.

రెండువేల పదమూడు వేసవిలో సంఘం బిల్డింగులో నెట్ వచ్చింది. ఇక ఈదయ్య మంచం అక్కడే ఉండిపోయింది, పగటి నిద్రకు. గోడ మీద ఆయన రాయించిన నియమాలు రెండే. మనిషికి అరగంట. చేతులు కడుక్కోవాలె. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. దాంతో మొదటి నాలుగు రోజులు ఎవరూ రాలేదు. ఉత్తగ ఇస్తున్నారంటే వెనుక ఏదో ఉందని, రేపు ఓటు అడుగుతారని రుక్కమ్మ బండల మీద తీర్మానం అయింది. ఐదో రోజు కల్పన హాల్‌టికెట్ సంఘం బిల్డింగులోనే తీసుకుని, ఆ కాగితం పట్టుకుని రుక్కమ్మ బండల ముందు నుంచి నడిచింది. ఆ సాయంత్రం రుక్కమ్మ తన పింఛను ఎందుకు ఆగిందో చూడమని వచ్చింది. లిస్టులో ఆమె పేరు మొగవాళ్లలో పడింది. అది తెలిశాక ఆమె మండలాఫీసుకు పోయి ఏం మాట్లాడిందో గానీ, రెండు నెలల్లో మళ్లీ ఆడమనిషి అయింది. ఆ తర్వాత బిల్డింగు ముందు చెప్పులు పెట్టడానికి చోటు లేకపోయింది.

ఒకనాడు కల్పన అడిగింది, "మామా, అందరికి సూపిస్తవ్. నువ్వేం సూస్తవ్?"

ఈదయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "వేరే దేశాలల్ల లైన్‌మన్లు స్తంభం ఎట్ల ఎక్కుతరో సూపియ్యి."

కల్పన వెతికి పెట్టింది. ఒక లారీ వచ్చింది. దాని మీద బుట్టలో నిలబడ్డ మనిషిని యంత్రం మెల్లగా పైకి లేపింది. ఈదయ్య ముందుకు వంగి, దిగేదాకా చూశాడు.

"ఎక్కనే లేదు గదనే" అన్నాడు. "ఇంకోటి పెట్టు."

అది రోజూ అయింది. మధ్యాహ్నం అయ్యేసరికి ఈదయ్య, అచ్చయ్య, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని, జపాను వాడి ముడి గట్టిదా, జర్మనీ వాడి మోకు గట్టిదా అని వాదించుకుంటూ గంటన్నర కూర్చునేవారు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాల్సిన కల్పన గోడ మీది నియమాల వైపు వేలు చూపిస్తూ వెనుక నిలబడేది. ఎవరూ వెనక్కి తిరిగేవారు కాదు. ఆమె బయటికి పోయి అత్తకు చెప్పేది. బుచ్చమ్మ వచ్చేది. అప్పుడు నాలుగు కుర్చీలూ ఒక్కసారే ఖాళీ అయ్యేవి.