మహిషానికి మొదటి తిట్టు

గిలకలదిండి హార్బరులో గొడవలు నాకు కొత్త కాదు. వేలం పాట జరిగే చోట నోరు లేనివాడికి బతుకే లేదు. కాని ఒక్క మాట అనకుండా, ఒక్క దెబ్బ వెయ్యకుండా, నేల మీద వెల్లకిలా పడుకుని గొడవ గెలిచినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే చూశాను. అతను మా అప్పయ్య.

గిరీష్ అనే కుర్రవాడు రెండు బోట్లు కొన్నాడు. కొన్న దగ్గర్నుంచీ హార్బరంతా వాడికి సొంత పెరడులాగా కనిపించడం మొదలుపెట్టింది. ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళం నీడపట్టున కూర్చునే చోట తన ఐసు డబ్బాలు దింపించేశాడు.

"ముసలమ్మలంతా అటు ఎండలోకి జరగండి. మీ సరుకు ఎలాగూ ఎండాల్సిందేగా!" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు, పక్కన వల బాగుచేసుకుంటున్న అప్పయ్య లేచి వచ్చి వాడికి ఎదురుగా నిలబడ్డాడు. నిలబడ్డాడు, అంతే.

"తప్పుకో తాతా" అని గిరీష్ అతని ఛాతీ మీద చెయ్యి వేశాడు. తొయ్యలేదు. నా కళ్ళతో చూశాను, ఉత్తినే చెయ్యి ఆనించాడు.

అప్పయ్య ఎగిరిపడ్డాడు. రెండు గంపల మీంచి పల్టీ కొట్టి, ఐసు గుట్టకి వీపు కొట్టుకుని, కాళ్ళు రెండూ గాల్లో ఒకసారి తన్నుకుని, అలాగే జారి నేల మీద పరుచుకున్నాడు. కళ్ళు తేలేశాడు. హార్బరంతా ఒక్క కేక వేసింది. "పెద్దాయన్ని చంపేశాడ్రోయ్" అంటూ బోట్ల మీంచి జనం దూకారు. ఐసు కొట్టేవాళ్ళు సుత్తులతో వచ్చారు. గిరీష్ మొహం పాలిపోయింది. "నేనేం చెయ్యలేదు, ఒట్టు, నేనేం చెయ్యలేదు" అంటూ, ఎవరూ అడక్కుండానే తన డబ్బాలు తనే మోసుకుపోయాడు.

నేను ఏడుపు గొంతుతో వంగి చూస్తే అప్పయ్య ఒక కన్ను తెరిచాడు.

"వాడు పోయాడా వదినా? పోతే తొందరగా లేపు. వీపు కింద ఐసు ఉంది."

అదీ అతని విద్య. ఆ విద్య ఎక్కడ నేర్చాడో మా ఈడువాళ్ళకి తెలుసు. ఇప్పటి పిల్లలకి చెప్పాలి.

మా వయసు రోజుల్లో బెబ్బులి కుస్తీలని ఒక కంపెనీ ఉండేది. గుడివాడ ఆయన పెట్టాడు. కోతలైపోయిన చేలల్లో గుడారం వేసేవారు. బందరు, బంటుమిల్లి, ఘంటసాల, అవనిగడ్డ, ఇలా తిరిగేవారు. యజమానే బెబ్బులి. పచ్చటి మనిషి, నల్ల చారల లంగోటీ, మీసం చూస్తేనే ఆడవాళ్ళు సర్దుకుని కూర్చునేవారు. అతని చేతిలో రోజూ ఓడిపోయే రాక్షసుడు మహిషం. ఆ మహిషం మా అప్పయ్య. చేపల వేట లేని రోజుల్లో ఒళ్ళంతా మసి పూసుకుని, నెత్తికి గేదె కొమ్ములు కట్టుకుని వెళ్ళేవాడు.

ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. అయినా బళ్ళు కట్టుకుని వెళ్ళేవాళ్ళం. బెబ్బులిని చూడటానికి కాదు, మహిషాన్ని తిట్టడానికి. అప్పయ్య ఆటకి ముందురోజే ఆ ఊరు చేరి, టీ కొట్టు దగ్గర అమాయకంగా కూర్చునేవాడు. ఆ ఊరివాళ్ళు దేనికి మురిసిపోతారో, ఏ మాటంటే భగ్గుమంటారో అంతా వినేవాడు. మర్నాడు గోదాలోకి దిగి సరిగ్గా అక్కడే పొడిచేవాడు. బందరులో అయితే, "మీ లడ్డూ మా గేదెకి పెట్టాను. అది మూతి తిప్పుకుంది" అన్నాడు. ఆ రోజు విసిరిన చెప్పుల్లో నాదీ ఒకటుంది.

చేపల ఆడవాళ్ళకి ముందు చాప వదిలేవారు. ఆ చాప మీద మధ్యలో అప్పయ్య పెళ్ళాం దుర్గాదేవి కూర్చునేది. మహిషం నోరు విప్పగానే మొదటి తిట్టు ఆవిడదే. "నీ నోట్లో మట్టి కొట్ట, దున్నపోతా!" అని లేచేది. ఆ వెనకే గుడారమంతా లేచేది. కట్టుకున్నవాణ్ణి నలుగురిలో అలా తిట్టే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు. మర్నాడు పొద్దున వాళ్ళింటి ముందు నుంచి వెళ్తే, అతన్ని బోర్లా పడుకోబెట్టి నడుముకి ఆముదం రాస్తూ కనిపించేది. ఇదేం కాపురమో అనుకునేదాన్ని.

ఇంటింటికీ టీవీలొచ్చి, వాటిలో ఎక్కడెక్కడి మల్లులో దిగాక కంపెనీ మూతపడింది. యజమాని పోయాడు. ఆ తరవాత చాలా ఏళ్ళకి దుర్గాదేవీ పోయింది. అప్పయ్య గేదె కొమ్ములు దూలానికి వేలాడదీసి, వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. ఏనాడూ దేనికీ వెలితి చెప్పుకోలేదు. ఒక్కసారి మాత్రం, "ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ లేరు వదినా" అన్నాడు. పెళ్ళాన్ని తలుచుకున్నాడనుకుని ఊరుకున్నాను.

మొన్నీమధ్య గోడల మీద రంగురంగుల బొమ్మలు పడ్డాయి. బెబ్బులి కుస్తీలు మళ్ళీ వస్తున్నాయట. పాత యజమాని కొడుకు శ్యామ్ సుందర్ తండ్రి పేరు నిలబెడతానని మొదలుపెట్టాడట. మా పాతవాళ్ళందరికీ పండగొచ్చినట్టయింది. అప్పయ్య గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. హార్బరు ఆడవాళ్ళం ఆటో మాట్లాడుకుని బందరు ఆటకి వెళ్ళాం.

ఏం చెప్పమంటారు! కళ్ళు పోయే లైట్లు, చెవులు పగిలే పాటలు, పొగ. చాపల్లేవు, కుర్చీలు. ఒక్కొక్క వస్తాదు పొగలోంచి రావడం, చేతులు జోడించడం, "ఐ లవ్ యూ బందర్" అనడం. కొత్త బెబ్బులి ఏలీయా అని నాగాయలంక కుర్రవాడు. ఒళ్ళు బాగా ఉంది, పట్లూ తెలుసు. సరేలే, మహిషం వస్తాడుగా అని కాచుకుని కూర్చున్నాం. వచ్చాడు. ఎక్కడో హైదరాబాదు కుర్రవాడు, కొమ్ములకి లైట్లు పెట్టుకుని, నవ్వుకుంటూ, పిల్లలకి చాక్లెట్లు పంచుకుంటూ వచ్చాడు! నా చేతిలోనూ ఒకటి పెట్టి, "బాగున్నారా అమ్మమ్మా" అన్నాడు. తిట్టుకోవాలని అంత దూరం వెళ్ళినదాన్ని, చాక్లెట్ పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆటలో ఒక్క చెడ్డవాడు లేడు. పదిమంది మంచివాళ్ళు కొట్టుకుంటుంటే ఎవరి పక్షాన అరుస్తాం? జనం కాసేపు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. తరవాత ఆ ఫోన్లలోనే వేరే ఏవో చూసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అప్పయ్య మొహం అటు తిప్పుకుని, "మహిషం చాక్లెట్లు పంచాడు వదినా" అన్నాడు. ఇల్లు తగలబడినవాడి గొంతు అది.

గుడివాడ ఆటకి సగం కుర్చీలు ఖాళీ. చాక్లెట్ల మహిషం, చప్పట్లు లేని చోట తను ఆడనని బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది అవనిగడ్డ. అదీ పోతే కంపెనీ మూసేస్తాడని తెలిసి అప్పయ్య గుడివాడ బయల్దేరాడు. తోడుకి నన్ను లాక్కెళ్ళాడు.

శ్యామ్ సుందర్ మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, కాఫీలు ఇప్పించాడు.

"బాబాయ్, ఈ రోజుల్లో జనం మారిపోయారండీ. తిట్టించుకోడానికి ఏ కుర్రాడూ ఒప్పుకోడు. వాళ్ళకి ఫ్యాన్స్ కావాలి."

"నేనొప్పుకుంటాను" అన్నాడు అప్పయ్య.

"మీకు డెబ్బై దాటాయి!"

"కొట్టడానికి వయసు కావాలి బాబూ. పడటానికెందుకు?"

శ్యామ్ సుందర్ నా వైపు చూశాడు, ఈ ముసలాయనకి మీరైనా చెప్పండి అన్నట్టు. "నీకు వేరే దారుందా నాయనా? చాక్లెట్లు మిగిలాయా?" అన్నాను. నవ్వేశాడు. ఒప్పుకున్నాడు, కాని తల గోక్కుంటూనే.

ఏలీయా ఇంకో మొండివాడు. "తాతా, నిన్ను నేను కొట్టలేను. మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు.

"నువ్వు కొట్టక్కర్లేదురా. చెయ్యెత్తు. మిగతాది నేను చూసుకుంటాను."

అప్పయ్య దూలం మీంచి కొమ్ములు దింపి, ముందురోజే పులిగడ్డ వంతెన దాటి అవనిగడ్డ చేరాడు. టీ కొట్టు దగ్గర కూర్చుని ఉంటాడని నాకు తెలుసు. మర్నాడు సాయంత్రం హార్బరు ఆడవాళ్ళం వెళ్ళేసరికి ముందు వరస కుర్చీలు తీయించేసి, చాప పరిపించాడు.

పొగ లేదు, పాట లేదు. ఒళ్ళంతా మసి పూసుకుని మహిషం నడిచి వచ్చాడు. కుర్రవాళ్ళు ఫోన్లెత్తారు. "తాతోయ్, జాగ్రత్త, పడతావ్" అని నవ్వారు. అతను గోదా చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏవిట్రా నవ్వుతున్నారు, దివిసీమోళ్ళూ! వంతెన వెయ్యకపోతే ఈ రోజుక్కూడా బందరు మొహం చూడనోళ్ళు మీరు!"

నవ్వారు. మళ్ళీ పొడిచాడు. "కృష్ణ రెండు పాయల మధ్య పుట్టారు, చెంబుడు నీళ్ళలో మునుగుతారు!" మళ్ళీ నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ముసలాయన భలే ఆడుతున్నాడని ముచ్చటపడుతున్నారు. మహిషానికి ముచ్చటపడటమంటే చావే. అప్పయ్య ఊరికే కొమ్ములు సర్దుకోవడం చాప మీంచి నాకు కనిపించింది. గోదా పక్కన శ్యామ్ సుందర్ తల వంచేసుకున్నాడు. పాట పెట్టమని చెప్పడానికి చెయ్యి కూడా ఎత్తాడు.

అప్పుడు మహిషం మా చాప వైపు తిరిగాడు. వేలు తిన్నగా నావైపే చూపించాడు.

"అదుగో, గిలకలదిండి నుంచి ఎండుచేపల పెద్దింట్లమ్మ కూడా ఊరేగుతా వచ్చింది! అవనిగడ్డ సంతలో మీకందరికీ సావళ్ళు అమ్మేది ఈవిడే. ఇసకలో పడేసి ఎండబెడద్ది! మీరు ఇన్నాళ్ళూ తిన్నది కూర కాదర్రా, ఇసక!"

నా సావళ్ళలో ఇసుకా! రిబ్బనుల్లాంటి ఆ పొడుగు చేపల్ని కడిగి, తోకకి తోక కట్టి, తీగల మీద వేలాడదీసి ఎండబెడతాను. ఇసుక రేణువు దొరికితే గంప మొత్తం తీసుకోమని సంతలో పందెం కాసేదాన్ని. ఇది అప్పయ్యకి తెలియదూ? నా తీగలకి గుంజలు పాతిందే అతను! ఆ క్షణంలో అతను అప్పయ్య అని గుర్తుకి రాలేదు, కుస్తీ గుర్తుకి రాలేదు. మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తుకి రాలేదు. లేచి నిలబడ్డాను.

"నీ నాలిక పుచ్చ! నీ కొమ్ములిరగ! నా సావళ్ళలో ఇసకంటావా, మసి మొహం దున్నపోతా! దిగిరా, నీ నోట్లో పోస్తాను ఇసక!"

తరవాత వెనకనుంచి, నా దగ్గర ఏళ్ళ తరబడి కొంటున్న కోడూరు ఆవిడ ఒకతె లేచింది. "మా పెద్దింట్లమ్మత్త చేపలకి వంక పెడతావా, సచ్చినోడా!" ఆవిడ వెనక మరొకతె. వంతెన మాట అప్పుడు గుర్తొచ్చింది కాబోలు మగవాళ్ళకి, కుర్చీల మీదకెక్కారు. ఫోన్లు జేబుల్లోకి పోయాయి, చెప్పులు చేతుల్లోకి వచ్చాయి. ఖాళీ నీళ్ళ సీసాలు వానలా పడ్డాయి. "బెబ్బులీ! కొట్టు! వాణ్ణి కొట్టు!" అని మైదానం ఊగిపోయింది. మహిషం చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, వినిపించలేదు, ఇంకా గట్టిగా తిట్టండి అన్నట్టు తిరుగుతున్నాడు. ఆ మసి వెనక కళ్ళు మెరిసిపోతున్నాయి.

ఏలీయా పరుగున వచ్చాడు. వచ్చి చెయ్యెత్తాడు. తగిలిందో లేదో దేవుడికి తెలియాలి. మహిషం గాల్లోకి లేచాడు. తాడు మీద వాలి, వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద తూలి, కొమ్ములు ఒక పక్కకి ఒరగ్గా, దబ్బున పడ్డాడు. దివిసీమ మొత్తం ఒక్కసారి ఈల వేసినట్టయింది. ఏలీయాని భుజాల మీద ఎత్తుకున్నారు. ఆ కుర్రవాడికి అలాంటి గెలుపు బందరులో దక్కలేదు, గుడివాడలో దక్కలేదు. శ్యామ్ సుందర్ జనం మధ్యలో నిలబడి, వాళ్ళ నాన్న పేరు పెట్టి తనే అరుస్తున్నాడు. కంపెనీ బతికింది.

నేను మాత్రం వచ్చేటప్పుడు ఆటోలో అప్పయ్య పక్కన కూర్చోలేదు.

మర్నాడు పొద్దున నా తీగల దగ్గరికి కుంటుకుంటూ వచ్చాడు. మొలలో చెయ్యి పెట్టి చాక్లెట్ తీసి ఇచ్చాడు. కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"నీ సావళ్ళలో ఇసక లేదు వదినా. ఉన్నా దొరకదు" అన్నాడు.

"అవతలికి పో."

పోలేదు. గుంజకి ఆనుకుని కూర్చున్నాడు.

"దుర్గాదేవికి నేనంటే పడదని మీరందరూ అనుకునేవాళ్ళు. మొదటి తిట్టు తిట్టడం దాని పని వదినా. ఎవరో ఒకళ్ళు మనసారా తిట్టకపోతే జనానికి తిట్టాలనిపించదు. ఇంట్లో సాధన చేసేది. ఏ తిట్టు బాగుందో నన్నే అడిగేది."

నేను తీగ మీద చేప తిరగేశాను. ఆముదం గిన్నె కళ్ళ ముందు కనిపించింది.

"ఈ శనివారం మళ్ళీ బందరులో ఆట పెట్టాడు శ్యామ్ సుందర్. బందరోళ్ళు పెద్దమనుషులైపోయారు, వాళ్ళంతట వాళ్ళు నోరు విప్పరు. చాప మీద మధ్యలో, మా దుర్గాదేవి చోట్లో నువ్వు కూర్చోవాలి."

"ఏమంటావో ముందే చెప్పు. ఇసక మాటెత్తితే మాత్రం నిజంగానే దిగొస్తాను."

"ముందే చెబితే కోపం రాదుగా. నేను అనేది అంటాను, నువ్వు తిట్టు. కడుపారా తిట్టు." లేచి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు. "ఇంకొక్కటి వదినా. నిన్న నేను పడగానే జాలిపడి నోరు మూసేశావు, చూశాను. అలా ఆపెయ్యకు. నేను కిందపడ్డాక కూడా తిడతానే ఉండు."